కాన్సాస్‌లోని విక్టోరియా ఊరి చర్చిని రైతులే కట్టుకున్నారా?

చుట్టూ గోధుమ చేలే ఉన్న అంత చిన్న ఊళ్లో 141 అడుగుల జంట గోపురాల చర్చికి డబ్బెక్కడిదని అడిగారు. డబ్బొక్కటే అయితే వాళ్ల వల్ల అయ్యేది కాదు. రాయీ, చాకిరీ కూడా చందాలో భాగమే.

ముందొక సవరణ. ఈ చర్చి కట్టిన రైతులు జర్మన్లే గానీ, నేరుగా జర్మనీ నుంచి అమెరికా రాలేదు. 1763లో రష్యా రాణి కేథరిన్ పిలిస్తే వీళ్ల పూర్వీకులు అక్కడి వోల్గా నది తీరానికి వెళ్లారు. సైన్యంలో చేరనక్కర్లేదన్న హామీ 1874లో పోయింది. 1876లో ఇక్కడికొచ్చి, వదిలొచ్చిన ఊరి పేరే హెర్జోగ్ అని పెట్టుకున్నారు. అది తర్వాత పక్కనున్న విక్టోరియాలో కలిసింది.

ఇప్పటి సెయింట్ ఫిడెలిస్ చర్చి పని 1908లో మొదలై 1911లో పూర్తయింది. విచారణలో, అంటే ఆ చర్చి పరిధిలోని విశ్వాసుల్లో, పన్నెండేళ్లు దాటిన ప్రతి మనిషికీ 45 డాలర్లు, ఆరు బండ్ల రాయి చొప్పున లెక్క కట్టారు. ఇంట్లో అలాంటివాళ్లు ఐదుగురుంటే 225 డాలర్లు, 30 బండ్లు. రాయి తీసేచోటు ఊరికి దక్షిణాన ఏడు మైళ్లు. అంటే ఆ ఒక్క ఇంటి గుర్రాలే 420 మైళ్లు నడవాలి, అందులో సగం బరువుతో.

కలిసొచ్చింది నేలే. అడుగు లోపు మందంతో సున్నపురాయి పొర పైపైనే దొరుకుతుంది. చెట్లు లేని ఆ సీమలో కంచె స్తంభాలూ ఆ రాతివే. తవ్విన కొత్తలో లోపలి తేమ వల్ల రంపానికి కూడా తెగుతుంది, గాలికి ఆరేకొద్దీ గట్టిపడుతుంది. కాబట్టి చెక్కుడు పని నానబెట్టకూడదు. చీల్చాలంటే వరసగా బెజ్జాలు వేసి, ఒక్కోదాంట్లో రెండు ఇనుప రెక్కలు, వాటి మధ్య ఒక చీల దించి, ఈ చివర నుంచి ఆ చివరికి తలా ఒక దెబ్బ వేసుకుంటూ పోవాలి. ఆత్రంగా ఒక్క చీలనే దిగ్గొడితే పగులు వరస తప్పి పక్కకు పాకుతుంది, రాయి పనికిరాదు.

'కతెడ్రల్ ఆఫ్ ది ప్లెయిన్స్' అన్నది (మైదానాల కతెడ్రల్) 1912లో అమెరికా రాజకీయ నాయకుడు విలియం జెన్నింగ్స్ బ్రయాన్ పెట్టిన ముద్దుపేరు. కతెడ్రల్ అంటే పీఠాధిపతి (బిషప్) గద్దె ఉన్న చర్చి, ఆ గద్దె ఇక్కడ లేదు. 2014లో బసిలికా హోదా మాత్రం వచ్చింది, అది పోప్ తరఫున కొన్ని చర్చిలకిచ్చే గౌరవం.

వెళ్తే లోపలి రంగుటద్దాలతో సరిపెట్టుకోక గోడ దగ్గరికెళ్లి చూడండి. ఈ రాతి పొర మధ్యలో తుప్పురంగు చార ఒకటి పోతుంది. అది ఇనుము మరక. కోత ఆ పొరకు అడ్డంగా పడ్డ రాళ్లలోనే కనిపిస్తుంది.