మాడ్రిడ్ దాకా వెళ్లి పల్లె చూడాలా?

ప్రశ్న: అక్కా, నమస్కారం. మాది తిరుపతి. ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను, పాత చీరలతో బొంతలు కూడా కుడతాను. మా అమ్మాయి మాడ్రిడ్‌లో ఉద్యోగం చేస్తోంది. ఏప్రిల్‌లో నన్నూ వాళ్ల నాన్ననూ పది రోజులకు రమ్మంటోంది. నాకేమో చేతిపని చేసే పల్లె ఒకటి చూడాలని ఉంది. "ఇంత దూరం వచ్చి పల్లెలు చూస్తావా అమ్మా" అంటోంది తను. భాష రాదని టెన్షన్. పైగా మేం శాకాహారులం. ఏ ఊరికి వెళ్లమంటారు?
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: బొంతలు కుట్టే చేయి మీది కాబట్టి, చెల్లీ, వెతుక్కునే పని లేకుండా ఒక ఊరి పేరు చెబుతాను. నీహార్. స్పెయిన్ దక్షిణాన, అల్మేరియా పట్నానికి సుమారు 30 కిలోమీటర్లు. కొండ కింద సున్నం కొట్టిన తెల్లని ఇళ్లు. స్పెల్లింగ్ చూసి 'నిజార్' అనకండి, వాళ్లు జె అక్షరాన్ని 'హ' అని పలుకుతారు.

ఆ ఊరికి పేరు తెచ్చినవి రెండు: కుండలు, హరాపాలు. హరాపా అంటే మన బొంతకు దూరపు చుట్టమే. పాత బట్టల్ని వేలెడు వెడల్పు పీలికలుగా చింపి, నూలు పడుగు మీద ఆ పీలికల్నే పేకగా నేస్తారు. మంచం మీద కప్పుకోవచ్చు, నేల మీద పరుచుకోవచ్చు. బట్ట దొరకడమే కష్టమైన రోజుల్లో పుట్టిన పని, మన అవ్వలు చీర చిరిగినా పారేయనట్టే.

రెండేళ్ల కిందట మా అబ్బాయితో వెళ్లాను. మగ్గం ముందు ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. నీలం పీలిక ఒకటి పడుగులో దూర్చి, దగ్గరికి కొట్టబోతూ ఆగింది. వేలితో చూపించింది. ఆ పీలికలో కాజా ఉంది! ఎవరిదో చొక్కా అది. కాజా అంచు కుట్టు కూడా చెదరలేదు. దాన్ని అలాగే ఉంచి నేసేసింది. చిత్తూరులో మా అవ్వ కుట్టిన బొంతలో మా తాత పంచె అంచు కనిపించేది, అదే గుర్తొచ్చి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

కుండల పని కుమ్మరుల వాడలో చూడండి. అరబ్బుల కాలం నుంచి వస్తున్న పని అంటారు. నీలం, ఆకుపచ్చ, తేనెరంగు కారినట్టుండే మెరుపు పూత వాటి గుర్తు. మన పలమనేరు మట్టి బొమ్మలు నచ్చేవాళ్లకు ఇవీ నచ్చుతాయి. కానీ కొనాలంటే నా ఓటు చిన్న హరాపాకే. నేను తెచ్చిన గిన్నె పెట్టెలోనే పగిలింది. కొట్లలో మిషన్ సరుకూ ఉంటుంది, అందుకే "ఎచో అ మానో?" అని అడగండి, 'చేత్తో చేసిందా' అని. పని చూడాలనుకుంటే "సె ప్వేదె మిరార్?" చాలు.

మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా దాదాపు అన్నీ మూసేస్తారు. మేం రెండుంపావుకు దిగి ఎండలో కూర్చున్నాం. మీరు పొద్దున పదికల్లా ఊళ్లో ఉండేలా చూసుకోండి. ఆదివారం వద్దు. మాడ్రిడ్ నుంచి అల్మేరియా సుమారు 550 కిలోమీటర్లు, విమానమైతే గంట పైచిలుకు. అక్కడి నుంచి నీహార్‌కు బస్సులు తక్కువ, తిరుగు బస్సు టైము ముందే రాసుకోండి. ఏప్రిల్ మంచి నెల. ఐరోపాలో వాన అతి తక్కువ పడే ప్రాంతాల్లో అదొకటి, వేసవిలో మన ఎండలే.

తిండికి "సిన్ కార్నె, సిన్ పెస్కాదో" అనండి, మాంసం వద్దు, చేప వద్దు అని. "సిన్ హమోన్" కూడా కలపాలి, ఎందుకంటే ఉప్పులో ఊరబెట్టి ఆరబెట్టిన పంది మాంసాన్ని చాలామంది మాంసం కింద లెక్కేయరు. టమాటా రాసిన రొట్టె, బాదం వెల్లుల్లితో చేసే చల్లని అహోబ్లాంకో సూప్ దొరికితే తినండి. ఆ చుట్టుపక్కల పండేది టమాటానే, మదనపల్లెను మరిపించేంత.

వీసాకు బయల్దేరే రోజుకు కనీసం 15 రోజుల ముందు అప్లై చేయాలి, ఆరు నెలల ముందు నుంచే తీసుకుంటారు కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టండి. 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి.

ఇంకొకటి. మా అవ్వ బొంత ఫోటో ఫోన్‌లో చూపిస్తే, ఆ పెద్దావిడ రెండు వేళ్లతో పెద్దది చేసి కుట్లు లెక్కపెట్టింది. తాకి చూడాలని ఆమెకు ఎంత ఉందో ముఖంలోనే తెలిసింది. మీరు మీ బొంత ముక్క ఒకటి తీసుకెళ్లండి. జానెడు చాలు.