నోరు ఎండడానికా, ఎండకుండానా?

సందేహం: నోరెండే జబ్బుకు వాడే పరికరంపై నడుస్తున్న పేటెంటు తగాదా గురించి రాస్తూ ‘నోరు ఎండడానికి పరికరం’ అని శీర్షిక పెట్టాను. మిత్రుడు ‘పొడి నోటి పరికరం’ అనాలంటాడు. ఏది సరి? లోపల ‘కంప్రైజింగ్’, ‘కన్సిస్టింగ్ ఆఫ్’ రెంటికీ ‘కలిగి ఉన్న’ అనీ, ‘అపోజిషన్’కు ‘అప్పీలు’ అనీ రాశాను. సరిపోతాయా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: రెండు శీర్షికలూ కుదరవు. మీదైతే అర్థమే తిరగబడింది. ‘దగ్గుకు మందు’ అంటే దగ్గు తగ్గించేది. ‘దగ్గడానికి మందు’ అంటే దగ్గు తెప్పించేది. నామవాచకం మీద ‘కు’ చేసే పని వేరు, క్రియ మీద ‘-డానికి’ చేసే పని వేరు. బట్టలు ఎండడానికి తీగ కట్టినట్టు, నోరు ఎండడానికి పరికరం పెట్టారని చదువరి అనుకుంటాడు. ‘నోరెండేవారి పరికరం’ అనండి, లేదా ‘నోరు ఎండకుండా చూసే పరికరం’ అనండి.

మీ మిత్రుడు ‘పొడిదగ్గు’ను చూపుతాడేమో. అది దగ్గులో ఒక రకం. నోళ్లలో అలా రకాలు లేవు. ఆ మాటలే తారుమారై ‘నోటి పొడి’ అయితే పండ్లపొడి డబ్బా గుర్తొస్తుంది. ఎం.జి.ఎం. ఆసుపత్రి ఓపీ ముందు నిలబడ్డ రోగి ‘నోరు ఎండుకపోతున్నది సార్, నాలిక పిడచ గడుతున్నది’ అంటాడు. అంతకన్నా మంచి తెలుగు వెతకనక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: నోరెండడం రోగికి అనిపించేది, లాలాజలం తగ్గడం కొలిచి చెప్పేది. ఏమీ నమలకుండా ఉన్నప్పుడు నిమిషానికి 0.1 మి.లీ. కూడా ఊరకపోతే బాగా తగ్గినట్టు లెక్క. మూలంలో ఏది ఉంటే అదే రాయండి.

అసలు చిక్కు ‘కలిగి ఉన్న’తో. క్లెయిమ్‌లో, అంటే పేటెంటులో హక్కు కోరే వాక్యంలో, పంటి తొడుగు, రెండు ఎలక్ట్రోడ్లు, బ్యాటరీ ఉన్నాయనుకోండి. పోటీ కంపెనీ వాటికి తేమ సెన్సరు కలిపింది. ‘కంప్రైజింగ్’ అని ఉంటే అదనపు భాగం ఉన్నా పేటెంటు ఉల్లంఘనే. ‘కన్సిస్టింగ్ ఆఫ్’ అని ఉంటే ఆ సెన్సరుతోనే పోటీదారు సాధారణంగా బయటపడతాడు. ‘కలిగి ఉన్న’ అంటే ఈ తేడా మాయమవుతుంది. తెలుగులో ఒక్క అచ్చుతో తేల్చవచ్చు: ‘ఈ మూడూ ఉన్న పరికరం’ మొదటిది, ‘ఈ మూడే ఉన్న పరికరం’ రెండోది. అచ్చుతప్పు భయముంటే ‘మూడు మాత్రమే’ అనండి. దరఖాస్తు హిందీలోనో ఇంగ్లీషులోనో చెన్నై పేటెంటు కార్యాలయానికి పోతుంది కాబట్టి మీ తెలుగు కోర్టులో చెల్లదు. కానీ చదివేవాడు మోసపోకూడదు గదా.

‘చికిత్సకు పేటెంటు’ అని ఎక్కడైనా రాసి ఉంటే అదీ దిద్దండి. 1970 పేటెంట్ల చట్టం 3(ఐ) సెక్షను ప్రకారం మనుషులకు చేసే చికిత్స పద్ధతికి మన దేశంలో పేటెంటు రాదు, పరికరానికి రావచ్చు.

‘అపోజిషన్’ అంటే అభ్యంతరం. పేటెంటు ఇవ్వకముందు ఎవరైనా పెట్టవచ్చు. ఇచ్చాకైతే ఆ సంగతి ప్రచురించిన ఏడాదిలోగా, అందులో ప్రయోజనం ఉన్నవారు మాత్రమే. అప్పీలు వెలువడిన తీర్పు మీద పైకి పోవడం.

ఇక ఉల్లంఘన మీద కోర్టుకెక్కితే మన వైపు ‘దావా వేశారు’ అంటాం. ఉర్దూ నుంచి వచ్చిన ఈ మాటకు అక్కడ హక్కు చెప్పుకోవడమనే అర్థం, అంటే క్లెయిమే. దవాఖానలోని ‘దవా’ మాత్రం మందు. ఈ రెంటికీ చుట్టరికం లేదు, దీర్ఘం ఎగరగొట్టకండి.