లేచి నిలబడగానే బీపీ పడిపోతే మందులు ఏం చేస్తాయి?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 74 ఏళ్లు. 22 ఏళ్లుగా మధుమేహం ఉంది. కొంతకాలంగా మంచం మీద నుంచి లేవగానే కళ్లు బైర్లు కమ్మి తూలిపోతున్నారు. పడుకున్నప్పుడు బీపీ 150/86, నాడి 72 ఉండగా, లేచి నిలబడిన మూడు నిమిషాలకు బీపీ 102/60కి పడిపోయి, నాడి 76 మాత్రమే ఉంది. నరాల వైద్యులు మొదట ఫ్లూడ్రోకార్టిసోన్, తరువాత మిడోడ్రిన్ రాశారు. రెండో మాత్రను సాయంత్రం దాటాక వేయవద్దన్నారు. పడుకున్నప్పుడు ఇప్పటికే బీపీ ఎక్కువగా ఉన్న మనిషికి బీపీ పెంచే మాత్రలు ఇవ్వడం ప్రమాదం కాదా? అసలు ఇవి ఎలా పనిచేస్తాయి? జీవితాంతం వాడాలా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ నాన్నగారికి ఉన్నది మామూలుగా మనం చెప్పుకునే లోబీపీ కాదు, పడుకుంటే ఒకలా నిలబడితే మరొకలా ఉండే బీపీ. లేచిన మూడు నిమిషాలలోపు పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ, అంతకు మించి గానీ తగ్గితే దానిని సమస్యగా పరిగణిస్తారు. ఆయనకు పై అంకె 48 తగ్గుతోంది.

మనిషి నిలబడినప్పుడు అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకి, పొట్టలోని రక్తనాళాలలోకి దిగిపోతుంది. మెడలోని ధమనుల దగ్గర, గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని వంపులో ఉండే గ్రాహకాలు ఈ తగ్గుదలను పసిగట్టి మెదడుకు తెలియజేయగా, మెదడు సింపథెటిక్ నాడుల (మన ప్రమేయం లేకుండా గుండెను, రక్తనాళాలను నియంత్రించే నరాల) చివర నారడ్రినలిన్ అనే రసాయనాన్ని విడుదల చేయించి, రక్తనాళాలను బిగించి, గుండె వేగాన్ని పెంచుతుంది. ఇదంతా కొన్ని సెకన్లలో, మనకు తెలియకుండానే జరిగిపోతుంది. దీర్ఘకాలిక మధుమేహం ఈ నాడులనే దెబ్బతీస్తుంది. పార్కిన్సన్స్ వ్యాధిలోనూ ఇలా జరుగుతుంది. బీపీ అంతగా పడినా నాడి నాలుగే పెరిగిందని మీరు రాసిన వివరం చాలా విలువైనది. నాడులు సరిగా ఉంటే ఆ స్థితిలో గుండె ఎంతో వేగంగా కొట్టుకోవలసింది. మీ వైద్యులు నాడుల లోపాన్ని అనుమానించడానికి ఇదీ ఒక కారణమై ఉంటుంది.

దెబ్బతిన్న ఆ నాడులను బాగుచేసే మాత్ర ఇప్పటికి లేదు. ఉన్న మందులు రక్తనాళాలలో ద్రవాన్ని పెంచడమో, నాళాలను బిగించడమో చేస్తాయి. ఫ్లూడ్రోకార్టిసోన్ మొదటి రకం. మన అడ్రినల్ గ్రంథులలో తయారయ్యే ఆల్డోస్టిరాన్ హార్మోనులాగే ఇది మూత్రపిండాల చేత సోడియాన్ని పట్టి ఉంచేలా చేస్తుంది, సోడియంతో పాటు నీరూ శరీరంలో నిలుస్తుంది. నాళాలు నారడ్రినలిన్‌కు మరింత బాగా స్పందించేలా కూడా చేస్తుందని భావిస్తారు. సాధారణంగా రోజుకు 0.1 మిల్లీగ్రాముతో మొదలుపెడతారు. ఫలితం కనిపించడానికి వారం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది కనుక, మూడు రోజులు వేసి ఏమీ మారలేదని మానేయడం తొందరపాటు అవుతుంది. ఆహారంలో తగినంత ఉప్పు లేకపోతే దీని ప్రభావం తగ్గుతుంది. ఏళ్ల తరబడి బీపీ భయంతో ఆవకాయను దూరం పెట్టిన ఇంట్లో ఈ మాట వింతగా తోచవచ్చు. అయితే గుండె, మూత్రపిండాల పరిస్థితిని బట్టి ఎంత ఉప్పు తినవచ్చో వైద్యులే నిర్ణయించాలి. ఈ మందు పొటాషియాన్ని తగ్గిస్తుంది కాబట్టి రక్తపరీక్షలు తప్పవు. పాదాలు వాచినా, కొద్ది రోజులలోనే బరువు పెరిగినా, ఆయాసం వచ్చినా వెంటనే చూపించాలి.

మిడోడ్రిన్ రెండో రకం. కడుపులోకి వెళ్లాక ఇది మరో పదార్థంగా మారి, రక్తనాళాల గోడలలోని ఆల్ఫా-1 గ్రాహకాలను (నారడ్రినలిన్ ఆదేశాన్ని అందుకునే చోట్లను) నేరుగా ప్రేరేపిస్తుంది; అంటే దెబ్బతిన్న నాడులు అందించలేని ఆదేశాన్ని తానే అందించి ధమనులను, సిరలను బిగిస్తుంది. సుమారు గంటకు ప్రభావం బాగా కనిపించి, మూడు నాలుగు గంటలలో తగ్గిపోతుంది. అందుకే ఒక్కోసారి 2.5 నుంచి 10 మిల్లీగ్రాముల చొప్పున పగటిపూట మూడు సార్లు ఇస్తారు. తల మీద జిల జిలమనడం, దురద, రోమాలు నిక్కబొడుచుకోవడం దీనితో తరచుగా కనిపిస్తాయి; ఇవి ఇబ్బందికరమే గానీ సాధారణంగా ప్రమాదకరం కావు. మూత్రం సరిగా రాకపోతే మాత్రం చెప్పాలి.

ఇక మీ అసలు భయం గురించి. అది అర్థం లేనిది కాదు. ఈ మందులు నిలబడినప్పటి బీపీని మాత్రమే ఎంచుకుని పెంచవు, పడుకున్నప్పటి బీపీని కూడా పెంచుతాయి. రాత్రంతా అది ఎక్కువగా ఉంటే గుండెకూ మెదడుకూ మంచిది కాదు. పైగా ఆ ఒత్తిడికి మూత్రపిండాలు ఉప్పును, నీటిని ఎక్కువగా బయటికి పంపడంతో ఆయన రాత్రి నాలుగైదు సార్లు లేవవలసి వచ్చి, తెల్లవారేసరికి ఒంట్లో ద్రవం తగ్గి, ఉదయం బీపీ మరింతగా పడిపోతుంది. అందుకే మిడోడ్రిన్ చివరి మోతాదుకూ నిద్రకూ మధ్య కనీసం నాలుగు గంటల వ్యవధి ఉండాలి. ఇదే జాగ్రత్త పగటి నిద్రకూ వర్తిస్తుందని చాలామంది ఇళ్లలో గుర్తించరు. మధ్యాహ్నం మాత్ర వేసుకుని, భోంచేసి మంచం మీద వెల్లకిలా పడుకునే బదులు పడక కుర్చీలో వాలి కునుకు తీయడం మేలు. రాత్రిపూట మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి 10 నుంచి 20 సెంటీమీటర్లు ఎత్తు చేయండి. దిండ్లు పెంచితే మెడ వంగుతుందే తప్ప ప్రయోజనం తక్కువ.

ఇంత ముప్పు ఉన్నా ఎందుకు ఇస్తారంటే, ఈ వయసులో ఒక్కసారి పడి తుంటి ఎముక విరిగితే కలిగే నష్టం చాలా పెద్దది. ఆయన పడుకున్నప్పటి బీపీ 150 ఉండడం మందు ఇవ్వకపోవడానికి కారణం కాదు, 180 దాటుతుంటే మాత్రం మోతాదు మార్చాలి. చికిత్స లక్ష్యం నిలబడినప్పుడు 130 చూపించడం కాదు. తూలకుండా స్నానాల గది దాకా నడవగలిగితే 110 అయినా చాలు. మందు వాడాక ఆ మార్పు స్పష్టంగా కనిపించినంత కాలమే మిడోడ్రిన్ కొనసాగించాలి. కనిపించకపోతే మాన్పించమని మీరే వైద్యులను అడగవచ్చు.

డ్రాక్సీడోపా అనే మరో మందు శరీరంలో నారడ్రినలిన్‌గా మారుతుంది. జపాన్‌లో 1989లో, అమెరికాలో 2014లో దీనికి అనుమతి లభించింది. కండరాల బలహీనతకు వాడే పిరిడోస్టిగ్మిన్ నాడుల కూడళ్లలో సంకేతాలను బలపరుస్తుంది. ఆ సంకేతాలు నిలబడినప్పుడే ఎక్కువవుతాయి కనుక, పడుకున్నప్పటి బీపీని ఇది పెద్దగా పెంచదు. అయితే దాని బలమూ తక్కువే. గుండె, మూత్రపిండాల కారణంగా నీటి పరిమితి లేకపోతే, ఉదయం మంచం దిగక ముందే రెండు గ్లాసుల నీళ్లు, అంటే అర లీటరు, గబగబా తాగించి చూడండి. నాడుల లోపం ఉన్నవారిలో ఇది కొద్ది నిమిషాలలోనే బీపీని పెంచి, దాదాపు గంటసేపు నిలుపుతుంది.

ప్రశ్న: నాకు 66 ఏళ్లు. ప్రోస్టేట్ సమస్యకు టామ్సులోసిన్ మొదలుపెట్టినప్పటి నుంచి లేవగానే కళ్లు తిరుగుతున్నాయి. మిత్రుడు వాడుతున్న మిడోడ్రిన్ నేనూ వేసుకోవచ్చా?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వద్దు. టామ్సులోసిన్ అడ్డుకునేదీ మిడోడ్రిన్ ప్రేరేపించేదీ ఒకే తరహా గ్రాహకాలను. ఆ గ్రాహకాలు మూత్రాశయ ముఖద్వారం దగ్గర కూడా ఉండడం వల్ల, మిత్రుడి మాత్ర మీకు మూత్రం బిగబట్టే ప్రమాదం తేవచ్చు. ముందు పడుకుని, తరువాత నిలబడి బీపీ కొలిపించుకుని, ఆ అంకెలతో మీకు మందు రాసిన యూరాలజిస్టును కలవండి. మోతాదు, వేళ, మందు రకం మార్చడానికి అవకాశం ఉంటుంది. బీపీకో, గుండెకో, మానసిక సమస్యకో వేరే మాత్రలు వాడుతుంటే ఆ చీటీలన్నీ తీసుకువెళ్లండి, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్రలవి.