కణమా, కోశమా?

ప్రశ్న: మేము పర్లాకిమిడిలో ఉంటాం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మా అమ్మాయి సైన్సు పుస్తకంలో ‘జీవకోష’ అని ఉంటే నేను ‘కణం’ అని చెప్పాను. నవ్వింది, ఒడియాలో ‘కణ’ అంటే ‘ఏమిటి’ కదా! పైగా కణమంటే నిప్పుకణంలా రవ్వంతది, దాని లోపల మళ్లీ ‘కణాంగాలు’ ఏమిటి అంటోంది. మనమూ ‘కోశం’ అనడమే మేలు కాదా?

సమాధానం: గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరినుంచి ఈ ప్రశ్న వచ్చినందుకు ఎంతో సంతోషం. అమ్మాయి పట్టుకున్నది అసలైన చిక్కే. 1665లో రాబర్ట్ హుక్ బెండును పలుచగా కోసి సూక్ష్మదర్శినిలో చూసి, కనిపించిన ఖాళీ అరలకు ‘చిన్న గది’ అనే అర్థమున్న ‘సెల్’ అనే పేరు పెట్టాడు. అవి చచ్చిన కణాల గోడలు, లోపలి సరంజామా అంతా అప్పటికే పోయింది. కోశమంటే ఒర, సంచి. ఆయన చూసినదానికి ఒడియా మాటే దగ్గర. మన మాటలో గది లేదు, గింజ ఉంది; సంస్కృతంలో కణమంటే గింజ, నలుసు.

అయినా తెలుగులో కోశం కుదరదు. జీర్ణకోశం, గర్భకోశం, మూత్రకోశం మనకు అవయవాలు. ఒక్కొక్కదాంట్లో కోట్ల కణాలుంటాయి. ‘గర్భకోశంలోని కోశాలు’ అని రాస్తే చదివేవాళ్లు ఏమనుకోవాలి? కణమే రాయండి. భౌతికశాస్త్రపు కణంతో కలిసిపోతుందనిపిస్తే మొదటిసారి ‘జీవకణం’ అనండి.

కణాంగం (కణ + అంగం, సవర్ణదీర్ఘసంధి) పరిమాణాన్ని కాక పనిని చూపే పేరు. మైటోకాండ్రియా ఆహారంలోని శక్తిని ఆక్సిజన్ సాయంతో కణం వాడుకునే రూపంలోకి మారుస్తాయి. లైసోజోములు పాడైన భాగాలను అరిగించేస్తాయి. ఒంటికి అవయవాలెలాగో కణానికి ఇవి అలాగ.

నన్ను బాధపెట్టే మాట ‘రిక్తిక’ (కణం లోపలి సంచి, ఇంగ్లీషులో వాక్యుయోల్). రిక్తమంటే శూన్యం. కాని మొక్క కణంలో రిక్తిక నిండా కణరసమే. అది నీటితో బిగిసి ఉంటేనే తోటకూర నిటారుగా నిలుస్తుంది, నీరు తగ్గితే వాలిపోతుంది. పేరు పాతుకుపోయింది, మార్చమనను. పాఠం చెప్పేటప్పుడు మాత్రం ‘ఖాళీ సంచి’ అని అర్థం చెప్పకండి. అది ఉబ్బి చోటంతా ఆక్రమించడంవల్లే, ముదిరిన మొక్క కణంలో ‘కేంద్రకం’ (న్యూక్లియస్) తరచు నడుమ ఉండదు, గోడవైపు ఒరిగి ఉంటుంది. ఉల్లిపొర మీద అయోడిన్ చుక్క వేసి బడిలోని సూక్ష్మదర్శిని కింద పెట్టించండి, అమ్మాయికే కనిపిస్తుంది.