ముందు జీతం లేని నెలలు లెక్కపెట్టు

బుజ్జీ,

నువ్వు ఉద్యోగం మానేసి మళ్లీ పీజీలో చేరుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నీ నీ పోలికలే దానికి" అని నా మీదకే పోట్లాటకి వచ్చిందనుకో. రాత్రంతా నిద్ర లేదు నాకు, సగం టెన్షన్‌తో, సగం గర్వంతో. ముప్పై నాలుగేళ్ల వయసులో టెస్టింగ్ వదిలి పబ్లిక్ హెల్త్ చదువుతాననడానికి గుండె ఉండాలి. అది నీకుంది, సరే. డబ్బు సంగతి చెప్పు.

స్కాలర్‌షిప్‌లకి సీటు వచ్చేదాకా ఆగకు, చాలావాటి గడువు ముందే అయిపోతుంది. డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్‌షిప్‌లు, అంటే వాళ్ల పనిలో సాయం చేస్తే డబ్బిచ్చేవి, ఇస్తారేమో సిగ్గుపడకుండా అడుగు. మీ కంపెనీ ఫీజు కడతానంటే, చదువయ్యాక వాళ్ల దగ్గరే పనిచెయ్యాలనే బాండ్ ఎన్నేళ్లో చూసుకో. వేరే రంగానికి పోదామనుకునేదానివి, ఆ తాడు మెడకి తగిలించుకుని ఏం చేస్తావు?

ఇక లోను. నేను అకౌంట్స్ వదిలి సైకాలజీ చదివానని మనవాళ్లంతా గొప్పగా చెప్పుకుంటారు గానీ, నా లోను కథ మీ పెదనాన్నకి తప్ప ఎవరికీ తెలియదు, ఆయనకీ ఆలస్యంగానే తెలిసింది. చదువు అయ్యేదాకా, ఆ తర్వాత ఇంకో ఆరు నెలలదాకా ఏమీ కట్టక్కర్లేదన్నారు. కట్టక్కర్లేదంటే వడ్డీ కూడా పడదనుకున్నాను. పదకొండేళ్లు కంపెనీ లెక్కలు రాసినదాన్ని! రెండున్నరేళ్ల తర్వాత కౌంటర్‌లో కుర్రాడు కాగితం నా వైపు తిప్పి ఒక అంకె కింద పెన్సిల్‌తో గీత గీశాడు. నేను తీసుకున్నదానికంటే పెద్ద అంకె. "ఇది నాది కాదేమో బాబూ" అన్నాను. పేరు నాదే. ఇంటిపేరుతో సహా.

లెక్క చూడు. అప్పు 100, వడ్డీ ఏడాదికి 10 శాతం అనుకో. మొత్తం మొదటి రోజే తీసుకుని రెండున్నరేళ్లు ఏమీ కట్టకపోతే, చక్రవడ్డీ వెయ్యకుండానే 125 అవుతుంది. చాలా లోన్లలో ఆ 125 అసలై కూర్చుంటుంది, అక్కణ్ణుంచి వడ్డీకి వడ్డీ. చదివేటప్పుడే నెలనెలా వడ్డీ మాత్రం కట్టేస్తే నెలకి ఒకటి కూడా నిండదు, వందకి ఎనభై మూడు పైసల చొప్పున. ఆ మాత్రం ట్యూషన్ చెప్పుకునైనా కట్టేదాన్ని, ఎవరైనా చెప్పి ఉంటే. చెప్పే ఉంటారులే, నేనే వినలేదు.

అంతటితో అయిపోలేదు. ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి బ్యాగ్ జిప్పులో దాచేశాను. కొత్త రంగంలో ఉద్యోగం దొరకడానికి ఎనిమిది నెలలు పట్టింది, జీతం మళ్లీ మొదటి మెట్టు దగ్గర మొదలైంది, వాయిదాలు మాత్రం నా పాత జీతాన్ని చూసుకుని ఒప్పుకున్నవి. ఇంట్లో "ఇంకా మొదలవ్వలేదు" అని అబద్ధం. ఒకరోజు చిల్లర కోసం వెతుకుతుంటే మీ పెదనాన్న చేతికి దొరికింది. కేకలేస్తారని వణికిపోయాను. ఆయన ఆ మడతలన్నీ బల్ల మీద అరచేత్తో సాపు చేసి, "వడ్డీ ఎంత శాతం?" అనడిగారు. అంతే. నేను ఏడ్చాను, ఆయన కాలిక్యులేటర్ తెచ్చారు.

అందుకే అడుగుతున్నాను, హామీ సంతకం ఎవరిచేత పెట్టిస్తున్నావు? మీ నాన్నచేతా? నువ్వు కట్టలేని రోజు ఆ బరువు ఆయన మీద పడుతుందని విడమర్చి చెప్పి పెట్టించు. "ఊరికే ఒక సంతకం నాన్నా" అన్నావో, నేనే వచ్చి చెవి మెలేస్తాను. వాళ్ల రిటైర్మెంట్ డబ్బు జోలికి వెళ్లకు. ఫీజు ఎంతో అందరూ చూస్తారు, నువ్వు జీతం రాని నెలలు లెక్కపెట్టు: చదువు రెండేళ్లు, ఉద్యోగం వెతుక్కునే కాలం కనీసం ఆరు నెలలు. నెలవాయిదా కొత్త రంగంలో మొదటి జీతానికి సరిపోతుందో లేదో చూడు, ఇప్పటి జీతం మర్చిపో. సరిపోకపోతే ఒక ఏడాది ఆగి దాచుకో, అడ్మిషన్ వాయిదా వేసుకోనిస్తారేమో అడుగు. ఆగితే ముసలిదానివైపోవు. నేను చేరేటప్పటికి నీకంటే పెద్దదాన్ని, క్లాసులో పిల్లలు మొదటిరోజు నన్ను మేడమ్ అనుకుని లేచి నిలబడ్డారు.

ఆదివారం ఫోన్ చెయ్యి. లోను కాగితాలు ముందు పెట్టుకుని ఒక్కో పేజీ చదివి వినిపించు, చిన్న అక్షరాలతో సహా. ఈ ఉత్తరం మీ అమ్మకి చూపించకు. వద్దులే, చూపించు.

మీ పెద్దమ్మ