ల్యాబ్‌లో క్యాన్సర్ వైరస్‌తో పని చేస్తే క్యాన్సర్ వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి పీహెచ్‌డీ చేస్తోంది. మామూలు కణాలను క్యాన్సర్ కణాలుగా మార్చే రెట్రోవైరస్‌లతో ప్రయోగాలట. విన్నప్పటి నుంచి ఒకటే టెన్షన్. తనకు అంటుకుంటే ఎలా డాక్టర్ గారూ?

జవాబు: అమ్మా, ల్యాబ్‌లో కణాలను పెంచే చిన్న పళ్లెం, అంటే డిష్‌లో అసలు ఏం జరుగుతుందో తెలిస్తే మీ భయం చాలావరకు తగ్గుతుంది. మామూలు కణాలు డిష్ అడుగున ఒకే పొరగా పరుచుకుని, పక్క కణాలు తగిలేసరికి పెరగడం ఆపేస్తాయి. కోడి పిండం కణాల్లోకి, కోళ్లకు క్యాన్సర్ తెచ్చే రౌస్ సార్కోమా వైరస్ అనే రెట్రోవైరస్ వెళ్తే మాత్రం అవి ఆగవు. పొడవుగా ఉండేవి కాస్తా గుండ్రంగా మారి, ఒకదాని మీద ఒకటి ఎక్కి చిన్న చిన్న గుట్టలు కడతాయి. 1958లో టెమిన్, రూబిన్ అనే శాస్త్రవేత్తలు ఈ గుట్టలను లెక్కపెట్టి వైరస్ మోతాదు తేల్చే పద్ధతి చూపించారు.

రెట్రోవైరస్ తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి కణం డీఎన్‌ఏలో కలిపేస్తుంది. రౌస్ వైరస్ దాంతోపాటు ఎస్ఆర్‌సీ అనే జన్యువును కూడా తెస్తుంది. దాని ప్రొటీన్‌కు బ్రేకు వేసే చివరి భాగం ఉండదు కాబట్టి కణానికి ‘పెరుగు’ అనే సంకేతం ఆగకుండా అందుతూనే ఉంటుంది. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే ఆ జన్యువు వైరస్ సొంతం కాదు, ఎప్పుడో కోడి కణం నుంచే ఎత్తుకొచ్చింది. బిషప్, వార్మస్ అనే శాస్త్రవేత్తల బృందం 1976లో ఈ సంగతి బయటపెట్టింది, 1989లో ఆ ఇద్దరికీ నోబెల్ వచ్చింది. క్యాన్సర్ మూలాలు మన సొంత జన్యువుల్లోనే ఉన్నాయని గట్టిగా తెలిసింది ఇలాంటి డిష్‌ల వల్లే, అందుకే మీ అమ్మాయి చేసే పని నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. చాలా ల్యాబ్‌లలో వాడేవి కొత్త వైరస్‌లను పుట్టించలేని రకాలు, కణంలోకి ఒకసారి వెళ్తాయి, అక్కడితో సరి. వైరస్ పైపొర ఎలుక కణాలకే అతుక్కునే రకమైతే మనిషి కణంలోకి వెళ్లలేదు. మనిషి కణాల్లోకీ వెళ్లే పైపొర ఉండి, లోపల క్యాన్సర్ జన్యువు కూడా ఉంటే మాత్రం నిజంగానే జాగ్రత్త కావాలి. మనుషుల్లో రక్త క్యాన్సర్ తెచ్చే హెచ్‌టీఎల్‌వీ-1 వేరే వైరస్, అది కూడా సోకినవాళ్లలో కొద్దిమందికే, అదీ దశాబ్దాల తర్వాత.

కాబట్టి ‘మీ వైరస్ పైపొర ఏ రకం?’ అని అమ్మాయిని అడగండి. గ్లవ్స్, సేఫ్టీ క్యాబినెట్ తప్పనిసరి. సూదులు వీలైనంత వరకు వాడకపోవడమే మేలు. ఒకవేళ గుచ్చుకుంటే వెంటనే సబ్బుతో బాగా కడుక్కుని, ‘ఏం కాదులే’ అని దాచకుండా అదే రోజు ల్యాబ్ ఇన్‌చార్జికి, డాక్టర్‌కి చెప్పాలి.