గూడ్సు రైలు నడపడానికి కనీసం ఎంతమంది ఉండాలి?

మన దేశంలో గూడ్సు రైలు ఇంజన్‌లో మామూలుగా లోకో పైలట్, అసిస్టెంట్ లోకో పైలట్ అని ఇద్దరు ఉండాలి, చివరి బ్రేక్ వ్యాన్‌లో గార్డు ఉంటారు. ఈ గార్డునే 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నారు.

ఒకరి కన్ను తప్పినా రెండో కన్ను పట్టుకోవాలనే ఈ ఏర్పాటు. సిగ్నల్ రంగును ఇద్దరూ పైకి చెప్పుకోవాలి. అసలు అవసరం బండి దారిలో ఆగిపోయినప్పుడు తెలుస్తుంది. ముద్దనూరు దగ్గరి థర్మల్ ప్లాంటుకు బొగ్గు తెచ్చే 58 వ్యాగన్ల రైలు దాదాపు 650 మీటర్లుంటుంది. దారిలో కప్లింగ్ (వ్యాగన్లను కలిపే కొక్కెం) తెగి వ్యాగన్లు పక్క లైనుకు అడ్డం పడ్డాయనుకోండి. పైలట్ ఇంజన్ వదిలి పోకూడదు. అసిస్టెంటే ఎర్ర జెండా, రాత్రయితే ఎర్ర దీపం పట్టుకుని పక్క లైనులో వచ్చే రైలుకు ఎదురుగా పరుగెత్తి, పట్టాలపై 600 మీటర్ల దగ్గర ఒక డిటొనేటర్ (చక్రం ఎక్కగానే పేలి డ్రైవరును హెచ్చరించే బిళ్ల), 1200 మీటర్ల దగ్గర మూడు పెట్టాలి. కంకర మీద ఆ పరుగు ఎంత కష్టమో! ఒక్కరే ఉంటే ఈ పని ఎవరు చేస్తారు?

బొగ్గు వేయాల్సిన ఇంజన్లు పోయాయి కాబట్టి రెండో మనిషి దండగ అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. పైలట్ సుమారు నిమిషంపాటు ఏమీ కదిలించకపోతే ఇంజన్‌లోని పరికరం హెచ్చరించి, తర్వాత బ్రేకు వేస్తుంది, నిజమే. కానీ అది కిందికి దిగి పట్టాల మీద పరుగెత్తలేదు. గార్డు లేని గూడ్సు కనబడితే మాత్రం నిబంధన తప్పినట్టు కాదు, ప్రత్యేక ఆదేశాలతో అలా నడపవచ్చు.